చిగురుపన్ను కాలం నాటి కల్లు

దక్షిణ ఫ్రాన్సులో అర్జెలియే అనే చిన్న ఊరుంది. ద్రాక్ష తోటలే దానికి ఆధారం. 1907 మార్చి 11న ఆ ఊరి రైతులు 87 మంది, కల్తీ వైన్ తమ బతుకును ముంచేస్తోందని చెప్పుకోవడానికి నార్బొన్న పట్నానికి బయలుదేరారు. కొన్ని వారాల్లోనే లక్షల మంది వీధుల్లోకి వచ్చారు, సైన్యం కాల్పులు జరిపింది, జూన్ నెలాఖరులో కల్తీని అరికట్టే చట్టం వచ్చింది. ఫ్రాన్సు తన వైన్ పల్లెల చరిత్ర రాసుకునేటప్పుడు ఈ ఘట్టాన్ని వదిలిపెట్టదు. దానికి 28 ఏళ్ల ముందే మన గోదావరి అడవుల్లో కల్లు కోసం పోరాటం జరిగింది. దాన్ని మనం ‘రంప పితూరీ’ అని తిరుగుబాట్ల జాబితాలో చేర్చాం గానీ, ఒక పానీయపు చరిత్రగా, ఒక చెట్టు మీది హక్కు చరిత్రగా చదవలేదు. భద్రాచలం అడవి అంచు పల్లెల వారసత్వంలో జీలుగు అనే తాటిజాతి చెట్టు కల్లుకూ ఇప్పపువ్వుకూ ఉన్న చోటు అలా చదివినప్పుడే కనిపిస్తుంది.

రంప కొండల్లో దొరగా ఉన్న మన్సబుదారు కల్లు మీద వసూలు చేసే పన్నును చిగురుపన్ను అనేవారు. అది చాలక, మద్రాసు ప్రభుత్వపు కొత్త అబ్కారీ నిబంధనలు ఇంటి అవసరానికి కల్లు గీసుకోవడాన్నే నేరం చేసి, గీత ఆదాయాన్ని కాంట్రాక్టర్లకు కౌలుకిచ్చాయి. తాతల కాలం నాటి చెట్టు కింద నిలబడి, ఎక్కడి నుంచో వచ్చిన కౌలుదారు మనిషిని అనుమతి అడగాల్సిన స్థితి వచ్చింది. 1879 మార్చిలో చోడవరం దగ్గర మొదలైన పోరు ఏప్రిల్‌కు గొలుగొండకు, జులైకి భద్రాచలం తాలూకాలోని రేకపల్లికి పాకింది. దాన్ని అణచడానికి మద్రాసు పదాతి దళాలతో పాటు హైదరాబాద్ కంటింజెంట్ సైన్యాన్ని కూడా దించారు. చివరకు మన్సబుదారును తొలగించి, ప్రభుత్వం నేరుగా అతని కింది చిన్న దొరలైన ముఠాదారులతో ఒప్పందాలు చేసుకుంది.

రేకపల్లిలో రగిలింది పోడు (అడవి కొట్టి చేసే సేద్యం) మీది పన్ను వల్లే గానీ కల్లు వల్ల కాదని ఎవరైనా అనవచ్చు. ఆ మాటలో నిజముంది. నిజాం నుంచి 1860లో బ్రిటిషు చేతికి వచ్చిన ఈ తాలూకా 1874 వరకు సెంట్రల్ ప్రావిన్సెస్‌లో ఉండేది. అక్కడ గొడ్డలికి నాలుగణాలు కడితే పోడు కొట్టుకోవచ్చు. మద్రాసు కిందికి వచ్చాక ఆ పన్ను మూడింతలయింది, కొన్నిచోట్ల పోడునే ఆపేశారు. అయితే కొండవాడి లెక్కలో పోడు వేరు, గీత వేరు కాదు. గింజలు నిండుకునే ఎండాకాలంలో అతణ్ణి ఇప్పపువ్వు ఆదుకుంటుంది. కరువొస్తే జీలుగు మాను కొట్టి లోపలి గుజ్జును పిండి చేసి తింటారు. అడవి మీది హక్కు ఒకటే, దాన్ని రెండు పన్నులు రెండు వైపుల నుంచి కోశాయి.

ద్రాక్ష తీగ మనిషి నాటి పెంచేది, జీలుగు దానంతటది మొలిచేది, ఇందులో వృత్తి నైపుణ్యం ఏముందనేది మరో ఆక్షేపణ. జీలుగు గెల వేయడానికి పదేళ్లకు పైగా పడుతుంది. మొదటి గెల మొవ్వు దగ్గర వస్తుంది, తరవాతివి ఒక్కొక్కటే కిందికి దిగుతూ వస్తాయి. ఆఖరి గెలతో చెట్టు చచ్చిపోతుంది. అంటే గీసేవాడికి ఆ చెట్టు ఆయుష్షులో దక్కేది చివరి కొద్ది సంవత్సరాలే. ఏ గెలను ఎప్పుడు కోయాలో, దేన్ని విత్తనానికి వదలాలో తెలియకపోతే ఒక తరం తాగాక మరో తరానికి చెట్టు మిగలదు. కోయల, కొండరెడ్ల పల్లెల్లో ఫలానా చెట్టు ఫలానా ఇంటిదని ఊరంతా ఎరిగి ఉండటం ఈ జాగ్రత్తలోంచి వచ్చిందే. తోటకు కంచె ఉంటేనే యాజమాన్యమనుకునే చూపుకు ఇది ఆనదు.

అన్నిటికంటే బరువైన అభ్యంతరం మద్యం చేసిన నాశనం. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట నుంచి లేచిన సారా వ్యతిరేక ఉద్యమాన్ని చూసిన తెలుగువాళ్లెవరూ దీన్ని తేలిగ్గా తీసుకోలేరు, తీసుకోకూడదు. కానీ ఆ స్త్రీలు ఎదిరించింది వేలంపాట పాడుకున్న కాంట్రాక్టరు ఊరూరికీ చేరవేసిన సారాను. గీసిన కల్లు ఒకటి రెండు రోజుల్లో పులిసిపోతుంది, దూరం పోదు, నిలవ ఉండదు. కాచిన సారాకు ఆ హద్దు లేదు. ఇప్పసారా కూడా కాచేదే గనుక దాన్ని వెనకేసుకొచ్చేముందు జాగ్రత్త అవసరమే. ఆ జాగ్రత్త ఎవరు తీసుకోవాలన్నదే అసలు ప్రశ్న. 1996 నాటి పీసా చట్టం మత్తు పదార్థాలను నిషేధించే, నియంత్రించే అధికారాన్ని షెడ్యూల్డు ప్రాంతాల గ్రామసభలకు, పంచాయతీలకు ఇమ్మంది. 1879 నాటికి కొండవాళ్ల నుంచి లాక్కున్నది సరిగ్గా ఈ నిర్ణయాన్నే.

రేకపల్లి ఇప్పుడు వరరామచంద్రపురం మండలంలో ఉంది. 1959లో తూర్పు గోదావరి నుంచి ఖమ్మంలోకి వచ్చిన ఈ నేల 2014లో మళ్లీ తూర్పు గోదావరికి మారింది, పోలవరం ప్రాజెక్టు ముంపు లెక్కల్లోకీ ఎక్కింది. పునరావాసపు కాగితాల మీద ఇల్లు, పొలం నమోదవుతాయి. ఏ ఇంటికి ఏ జీలుగు చెట్టు చెందుతుందో, ఏ ఇప్పచెట్టు కింద ఎవరు పువ్వు ఏరుకుంటారో ఊరి ముసలివాళ్ల నోట ఉంది. ఊళ్లు ఖాళీ కాకముందే ఆ పేర్లు, ఆ చెట్లు రాసిపెట్టుకోవాలి.