నిమ్మకాయలో నెత్తురు, కత్తి మీద మందారం

మంత్రగాడి వేషంలో ఉన్నవాడు నిమ్మకాయను కోయగానే ఎర్రటి చుక్కలు రాలతాయి. చుట్టూ మూగిన పిల్లలు బెదిరి వెనక్కి జరుగుతారు. కథ మంచి పట్టులో ఉండగా అతను కత్తిని వాళ్ల ముందు పెట్టి గుట్టు విప్పుతాడు. అంచుకు ముందే మందార పువ్వు రుద్ది ఆరబెట్టాడు. నిమ్మరసంలోని ఆమ్లం తగిలి మందార రసం ఎర్రబడింది, అంతే. ఇక పువ్వూ నిమ్మచెక్కా పిల్లల చేతికిస్తే సరి.

1980ల చివర్లో జన విజ్ఞాన ఉద్యమం ఇలాంటి ప్రదర్శనలను తెలుగు పల్లెల్లోకి తీసుకెళ్లింది. 1987లో భారత జన విజ్ఞాన జాతా దేశంలోని వేర్వేరు మూలల నుంచి బయలుదేరి, పాటలతో వీధి నాటకాలతో సాగి భోపాల్‌లో కలిసింది. మరుసటి ఏడాది ఆంధ్రప్రదేశ్‌లో జన విజ్ఞాన వేదిక ఏర్పడింది. ఆ రోజుల్లో నిమ్మకాయ గుట్టు తెలియడం చిన్న విషయం కాదు. బాణామతి చేశారన్న అనుమానంతో మనుషుల్ని కొట్టి చంపిన ఘటనలు తెలంగాణ పల్లెల్లో జరిగాయి. మాయ ఎలా జరిగిందో చిన్నప్పుడే తన చేత్తో చేసి చూసినవాడిని భయపెట్టడం కష్టం.

కథనూ ప్రయోగాన్నీ కలపడం అంతకుముందూ ఉంది. 1860 క్రిస్మస్ సెలవుల్లో లండన్ రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో మైఖేల్ ఫారడే ఒక్క కొవ్వొత్తి పట్టుకుని పిల్లలకు ఆరు ఉపన్యాసాలు ఇచ్చాడు. ఆర్పిన వెంటనే వత్తి నుంచి లేచే తెల్లటి పొగకు మంట చూపితే, ఆ పొగ దారినే నిప్పు పాకి వత్తి మళ్లీ వెలుగుతుంది. కాలుతున్నది కరిగిన మైనం ఆవిరని పిల్లలకు కంటితోనే అర్థమవుతుంది. మన భాషలో మహీధర నళినీమోహన్ సైన్సుకు కథనపు పట్టు తెచ్చారు. ‘నిప్పు కథ’, ‘పిడుగు దేవర కథ’, ‘టెలిగ్రాఫు కథ’ అన్న పేర్లే ఆయన దారి చెబుతాయి.

ఆ తర్వాత జన విజ్ఞాన వేదిక పిల్లల పత్రిక ‘చెకుముకి’ వచ్చింది. అగ్గిపుల్లలు, సైకిల్ వాల్వ్ ట్యూబుతో బొమ్మలు కట్టించిన అరవింద్ గుప్తా పుస్తకాలు తెలుగులోకి వచ్చాయి. 1999లో మొదలైన అగస్త్య ఫౌండేషన్ కుప్పం దగ్గర ప్రాంగణం కట్టి, ప్రయోగ సామగ్రిని వ్యాన్లలో పల్లె బడులకు పంపింది.

అయినా చిన్నపిల్లలకు వ్యాను వచ్చేదాకా ఆగనక్కర్లేదు. దిష్టి తీసే ఎర్రనీళ్లు ప్రతి ఇంటికీ తెలుసు. పసుపు నీళ్లలో సున్నం పడితే ఎరుపు, అందులో నిమ్మకాయ పిండితే మళ్లీ పసుపు. సున్నం పెద్దవాళ్లే కలపాలి, నిమ్మకాయ పిల్లలు పిండవచ్చు. దిష్టి కథ చెప్పే అమ్మమ్మ దగ్గర ప్రయోగశాల సగం సిద్ధంగా ఉన్నట్టే.

రంగారెడ్డి జిల్లా ఆదిభట్లలో ఇలాంటి కథకు వస్తువు ఇంకా దగ్గరగా ఉంది. ఒకప్పటి ఈ పల్లెలో ఇప్పుడు సీ-130జే విమానాల తోక భాగాలు తయారవుతున్నాయి. 2018 నుంచి అపాచీ హెలికాప్టర్ల బాడీలు కూడా ఇక్కడి కర్మాగారంలో రూపుదిద్దుకుంటున్నాయి. ఆ గోడల లోపల జరిగేది అయిదేళ్ల పిల్లకు కనిపించదు. కానీ మాధవీలత కాయ కథ చెప్పవచ్చు. మూడు రెక్కలున్న ఆ కాయ గిర్రున తిరుగుతూ, తల్లితీగకు దూరంగా, గాలివాటున పోయి పడుతుంది. కథ అయ్యాక కాగితం పట్టీని పైసగం నిలువుగా చీల్చి, రెండు రెక్కల్ని చెరో వైపు మడిచి, కింద జెమ్ క్లిప్పు పెట్టి వదిలితే అదీ అలాగే తిరుగుతుంది. రెక్కల్ని ఎదురు వైపుకు మడిస్తే ఏ వైపు తిరుగుతుందో పెద్దవాళ్లు ముందే చెప్పేయకూడదు. ముందు పిల్లలు ఊహించి చెప్పాలి, ఆ తర్వాత బల్ల మీద నిలబడి వాళ్లే వదలాలి.