ఎస్‌ఎంపీఎస్: మూలనున్న డబ్బా పుట్టుపూర్వోత్తరాలు

సికింద్రాబాద్ పార్క్ లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో ‘పవర్ సప్లై ఉందా’ అని అడగండి. కౌంటర్ దగ్గరి కుర్రాడు ‘ఎస్‌ఎంపీఎస్సా సార్?’ అని మన మాటను సరిదిద్దుతాడు. విడిభాగాలు కొని కంప్యూటరు బిగించుకునేవాళ్ల నోట ఆ ఇనప డబ్బాకు వేరే పేరు లేదు. ప్రాసెసర్ కోసం పదిమందిని అడుగుతాం. గ్రాఫిక్స్ కార్డు కోసం నిద్ర మానుకుంటాం. ఆఖర్న మిగిలిన చిల్లరతో కొనేది ఇదొక్కటే. నా మొదటి కంప్యూటరుకైతే కొననే లేదు, క్యాబినెట్‌లోనే బిగించి ఇచ్చారు. స్విచ్డ్ మోడ్ పవర్ సప్లై అన్న పూర్తి పేరు ఎవరూ పలకరు గానీ, కథంతా ఆ ‘స్విచ్’ దగ్గరే ఉంది.

గోడలోంచి వచ్చేది 230 వోల్టుల ఏసీ కరెంటు. చిప్పులకు కావలసింది అయిదో పన్నెండో వోల్టుల డీసీ. 1975 నాటి ఆల్టెయిర్ 8800 లాంటి తొలి హాబీ కంప్యూటర్లలో ఈ పని చేసింది బరువైన ట్రాన్స్‌ఫార్మర్. అది వోల్టేజీని దించేది, ఆ తర్వాత రెగ్యులేటర్ దాన్ని కచ్చితంగా 5 దగ్గర నిలబెట్టేది. నిలబెట్టడమంటే, పైన మిగిలినదాన్ని వేడిగా తగలెయ్యడమే. మడికి బిందెడు నీళ్లు చాలిన చోట కాలవంతా తిప్పి, ఎక్కువైంది గండి కొట్టి వదిలేసినట్టు. సగానికి సగం కరెంటు అలా ఆవిరైపోయినా ఆశ్చర్యం లేదు.

స్విచింగ్ పద్ధతిలో తూము తలుపును సెకనుకు వేలసార్లు ఎత్తి దించుతారు. గోడ కరెంటును ముందే సుమారు 325 వోల్టుల డీసీగా మార్చి, ట్రాన్సిస్టర్‌తో సెకనుకు పదుల వేలసార్లు తెంపి, ఆ ముక్కల్ని చిన్న ట్రాన్స్‌ఫార్మర్ గుండా పంపుతారు. సెకనుకు 50 సార్లు ఊగే కరెంటుకు ఇటుకంత ఇనుము కావాలి. పదుల వేలసార్లు ఊగితే ఒక్కో విడతలో మోయాల్సింది చిటికెడే కనుక అగ్గిపెట్టంత ఫెరైట్ ముక్క చాలు. తలుపు ఎంతసేపు తెరిచి ఉంచాలన్నదే లెక్క. తగలెయ్యడానికి మిగిలేది కొంచెమే.

దీన్ని ఎవరు కనిపెట్టారంటే చాలామంది ఆపిల్ పేరు చెబుతారు. 1977లో వచ్చిన ఆపిల్ 2లో ఫ్యాన్ చప్పుడు ఉండకూడదని స్టీవ్ జాబ్స్ పట్టుబట్టాడు. ఫ్యాన్ లేదంటే వేడి పుట్టకూడదు. అటారీ నుంచి వచ్చిన రాడ్ హోల్ట్ చిన్నపాటి స్విచింగ్ సప్లై చేసిచ్చాడు, పేటెంటు కూడా వచ్చింది. ఇవాళ కంప్యూటర్లన్నీ హోల్ట్ డిజైన్‌ను కాపీ కొట్టినవేనని జాబ్స్ తన జీవితకథ రాసిన వాల్టర్ ఐజాక్సన్‌తో చెప్పుకున్నాడు. సొమ్మొకడిది, సోకొకడిది. పాత సర్క్యూట్లను విప్పి చూసే ఇంజినీరు కెన్ షెరిఫ్ ఆ మాటను పట్టుకుని వెనక్కి తవ్వుకుంటూ వెళ్తే, ఆపిల్ కంటే ముందే ఈ దారిలో నడిచినవాళ్లు చాలామంది తేలారు. రాబర్ట్ బోషర్ట్ అనే ఇంజినీరు 1970లో ఉద్యోగం మానేసి వంటింటి బల్ల మీద ఇలాంటి సప్లైలు తయారుచేయడం మొదలెట్టాడు. అసలు దోవ చూపింది ఏ ఒక్క మేధావీ కాదు, ఎక్కువ వోల్టేజీని తట్టుకుంటూ వేగంగా తెరుచుకుని మూసుకునే ట్రాన్సిస్టర్లు చవకవడం. హోల్ట్ పని చక్కటిదే, కాదనను. కానీ వంటింటి బల్లకు ఎవరు సినిమా తీస్తారు?

1981 ఆగస్టులో వచ్చిన ఐబీఎం పీసీ సప్లై 63.5 వాట్లది. ఆ లెక్క గుర్తు పెట్టుకోదగ్గది. 5 వోల్టుల తీగ మీద 7 ఆంపియర్లు అంటే 35 వాట్లు, 12 వోల్టుల మీద 2 ఆంపియర్లు అంటే 24, మిగతా చిల్లర మైనస్ తీగలది. చిప్పులు చాలావరకు 5 మీద బతికేవి. 12 అనేది ముఖ్యంగా డ్రైవుల మోటార్లు తిప్పడానికి. 1983 ఎక్స్‌టీకి 130 వాట్లు, 1984 ఏటీకి 192 వాట్లు అయ్యాయి. ఏటీ రకం సప్లైలో మదర్‌బోర్డుకు పోయేవి పీ8, పీ9 అని కవల ప్లగ్గులు. అటుదిటు పెడితే బోర్డు మాడిపోతుంది. అందుకే మెకానిక్కులకు ఒక్కటే మంత్రం: నలుపు పక్కన నలుపు.

ఆ రోజుల ఇంకో గండం వెనక ఉండే ఎర్ర మీట. ఒక వైపు 115, ఒక వైపు 230. 1990ల చివర్లో మా బావ న్యూజెర్సీ నుంచి కంప్యూటరు మోసుకొచ్చాడు. పూజ చేసి, కొబ్బరికాయ కొట్టి స్విచ్ వేశాం. కాయ పగిలినదానికంటే పెద్ద చప్పుడైంది. 115 దగ్గరున్న మీట లోపలి సర్క్యూట్‌ను వోల్టేజీ రెట్టింపు చేసే పనిలో పెడుతుంది, అమెరికా కరెంటును కూడా అదే 325కి తేవడానికి. మన 230ని రెట్టిస్తే 650. కెపాసిటర్లు పేలాయి. ‘మీటా? ఏ మీట?’ అన్నాడు బావ. ఇప్పుడు మంచి సప్లైలకు ఆ మీటే లేదు. 2001 నుంచి యూరప్‌లో కరెంటు లాగే తీరు మీద నిబంధన రావడంతో పవర్ ఫ్యాక్టర్ కరెక్షన్ పాకిపోయింది. అందులో యాక్టివ్ రకమైతే సాధారణంగా 100 నుంచి 240 దాకా దేన్నయినా తీసుకుంటుంది.

1995లో ఇంటెల్ ఏటీఎక్స్ ప్రమాణం తెచ్చింది. రెండు ప్లగ్గుల స్థానంలో తిరగేసి పెట్టలేని 20 పిన్నుల ప్లగ్గు వచ్చింది, 3.3 వోల్టుల తీగ చేరింది. అప్పటిదాకా ముందున్న స్విచ్ నేరుగా 230నే తెంచేది. ఏటీఎక్స్‌లో అది మదర్‌బోర్డుకు విన్నపం మాత్రమే. మిషన్ ఆపినా 5 వోల్టుల స్టాండ్‌బై బతికే ఉంటుంది. మూత తీసే ముందు ప్లగ్గు పీకమనేది అందుకే.

అసలు మలుపు 2000లో, పెంటియం 4తో. ప్రాసెసర్ ఆకలిని 5 వోల్టుల మీద తీర్చాలంటే ఆంపియర్లు ఎక్కువ కావాలి, తీగలో పుట్టే వేడి ఆంపియర్ల వర్గాన్ని బట్టి పెరుగుతుంది. అన్నే వాట్లను 12 మీద పంపితే ఆ వేడి దాదాపు ఆరోవంతుకు పడిపోతుంది. అందుకని రెండు పసుపు, రెండు నలుపు తీగల కొత్త ప్లగ్గు పుట్టింది. మోటార్లు తిప్పుకునే 12 వోల్టులు ఇంటి పెత్తనం అందుకుంది. ప్రాసెసర్‌కూ గ్రాఫిక్స్ కార్డుకూ కూడు పెట్టేది ఇప్పుడు ప్రధానంగా అదే.

స్టిక్కర్ మోసం మొదలైందీ ఇక్కడే. పైన 450 వాట్లని పెద్దక్షరాలుంటాయి. కింది పట్టికలో 12 వోల్టుల దగ్గర 16 ఆంపియర్లని ఉంటే, పనికొచ్చేది 192 వాట్లు. 1984 నాటి ఏటీ అంత! మిగతాది ఇప్పుడెవరూ పెద్దగా తాకని 5, 3.3 తీగల్లో ఉంటుంది. నిఖార్సయిన 650 వాట్ల డబ్బా మీద 12 దగ్గర 54 ఆంపియర్లు కనిపిస్తాయి, గుణిస్తే 648. కొట్లో నేను చేసే లెక్క ఇదొక్కటే.

బంగారం, వెండి, కంచు గుర్తుల సంగతి తర్వాతి మాట. 2004లో మొదలైన 80 ప్లస్ కార్యక్రమం గోడ నుంచి తీసుకున్నదాంట్లో కనీసం 80 శాతం అందించాలంది. 400 వాట్లు వాడే మిషన్ 80 శాతం సప్లైతో గోడ నుంచి 500 లాగుతుంది, 90 శాతందైతే 444. బిల్లులో తేడా తెలుస్తుంది గానీ, ఆ గుర్తు భద్రతకు హామీ కాదు.

మన కరెంటు కోతలకు పనికొచ్చే అంకె ఇంకొకటుంది. గోడ కరెంటు పోయాక సప్లై తన పెద్ద కెపాసిటర్ నిల్వతో దమ్ము పట్టి ఉండే సమయమది. పూర్తి బరువు మీద సుమారు 16 మిల్లీసెకన్లని ఏటీఎక్స్ ప్రమాణం చాలాకాలం చెప్పింది. యూపీఎస్ టక్కున అందుకునేది ఆ సందులోనే. నాసిరకం డబ్బాలో కెపాసిటర్ చిన్నదైతే యూపీఎస్ ఉన్నా మిషన్ రీస్టార్ట్ అవుతుంది, తిట్లు యూపీఎస్‌కి పడతాయి.

2022లో ఏటీఎక్స్ 3.0తో 600 వాట్ల దాకా మోసే 16 పిన్నుల ప్లగ్గు వచ్చింది. ఆ ఏడాదే 450 వాట్ల ఆర్‌టీఎక్స్ 4090 కార్డుల దగ్గర కొన్ని ప్లగ్గులు కరిగిపోయాయి. పూర్తిగా దిగకపోవడం ఒక ప్రధాన కారణమని తేలడంతో, సరిగ్గా కూర్చోకపోతే పవర్ అందనివ్వని విధంగా పిన్నుల పొడవు మార్చారు. మొన్న మా అబ్బాయి తన మిషన్ బిగించుకుంటుంటే ఆ ప్లగ్గును బొటనవేలితో ఇంకోసారి అదిమి చూశాను. ‘దిగిందిలే నాన్నా’ అన్నాడు. టార్చి తెమ్మన్నాను.