చెప్పులు కుడుతూ చెప్పిన చరిత్ర

రెండేళ్ళ కిందట అక్టోబర్ 14న జంషెడ్‌పూర్ గోల్మురిలో ఒక ఇంట్లో ధమ్మచక్ర ప్రవర్తన దినం జరుపుకున్నాం. వందన అయ్యింది, బాబాసాహెబ్ మీద రెండు ఉపన్యాసాలు అయ్యాయి. ఎనభై దాటిన ఒక అమ్మ గోడకు ఆనుకుని అన్నీ విన్నారు. చిన్నప్పుడే శ్రీకాకుళం వైపు నుంచి ఈ ఊరొచ్చిన మనిషి. చివర్లో ఆమె అన్న మాట ఇది: "మీరు బుద్ధుడి దగ్గరికొచ్చింది మొన్న కదా బాబూ. అంతకు ముందు మనమెక్కడున్నామో ఎవరూ అడగరేటి?"

అందరం నవ్వి ఊరుకున్నాం. ఇంకోసారి నోట్‌బుక్ తెచ్చుకుని కూర్చుని అన్నీ రాసుకుంటామని ఆమెకు మాటిచ్చాం. కార్యక్రమాల మీద కార్యక్రమాలు వచ్చాయి. మరుసటి వేసవికి ఆమె లేరు. ఆమె తల్లి ఏ దేవతకు మొక్కింది, ఏ గురువు మాట విన్నది, మొదటిసారి అక్షరం ఎవరి దగ్గర దిద్దింది, ఇవేవీ ఇక తెలియవు.

జంషెడ్‌పూర్ లెక్కలు బాగా దాచుకునే ఊరు. కంపెనీ పుట్టింది 1907లో. మొదటి ఉక్కు కడ్డీ తయారైంది 1912 ఫిబ్రవరి 16న. సాక్చి అనే పల్లె జంషెడ్‌పూర్ అయింది 1919లో. ఇవన్నీ బడిపిల్లలకు కూడా నోటికి వచ్చు. కానీ ఆ కొలిమి ముందు నిలబడిన తెలుగు మనిషి ఇంటి నుంచి ఏ నమ్మకం మూటగట్టుకుని రైలెక్కాడో ఎక్కడా రాసి లేదు. రాయవలసింది మనమే. మనం రాయలేదు.

ఆ తప్పు బాధిస్తుండగా మేము ఒక పాత పుస్తకం దగ్గరికి వెళ్ళాం. అది పరాయి దేశం నుంచి వచ్చి ఒంగోలులో కాపురమున్న ఒక మిషనరీ దంపతుల ఇంట్లో పుట్టిన పుస్తకం. వారి మతం మన దారి కాదు. అయినా వారి రోజువారీ బతుకులో మనం నేర్చుకోవలసిన పని ఒకటి ఉంది.

అంకెల వెనుక ఇల్లు

జాన్ ఎవరెట్ క్లౌ అమెరికాలో 1836లో పుట్టారు. యవ్వనంలో భూములు కొలిచే సర్వేయర్ పని చేశారు. భార్య హారియెట్‌తో కలిసి 1865లో మద్రాసులో ఓడ దిగి, 1866లో ఒంగోలు చేరారు. ఆయన రాకముందే అక్కడ అమెరికన్ బాప్టిస్టు మిషన్ బంగళా ఉంది, మనుషులే పెద్దగా రాలేదు.

ఆయన్ను వెతుక్కుంటూ వచ్చినవాడు యెర్రగుంట్ల పేరయ్య. మాదిగవాడు, తోళ్ళ వ్యాపారం మీద ఊళ్ళు తిరిగినవాడు, రాజయోగం సాధన చేసి తనవారికి గురువుగా నిలిచినవాడు. ఏలూరు వైపు వెళ్ళినప్పుడు ఈ కొత్త బోధ గురించి విన్నాడు. భార్య నాగమ్మతో కలిసి 1866లో బాప్తిస్మం తీసుకున్నాడు. ఆ తర్వాత అతని బంధుత్వాల వెంటే, వియ్యంకుల ఇళ్ళ వెంటే, పల్లె నుంచి పల్లెకు ఆ ఉద్యమం పాకింది.

బంగళా లోపల మాత్రం అది తేలికగా జరగలేదు. మిషన్ బడికి బ్రాహ్మణ పిల్లలు కూడా వచ్చేవారు. మాదిగలు వస్తే తాము రామని వారు తేల్చేశారు. ఎవరిని వదులుకోవాలి? ఆ రోజు భార్యాభర్తలు వేరువేరు గదుల్లో తమ తమ బైబిలు తెరిస్తే, లోకం నీచులుగా చూసేవారినే దేవుడు ఎన్నుకుంటాడన్న ఒకే భాగం ఇద్దరికీ కనబడిందని వారు జీవితాంతం చెప్పుకున్నారు. అందులో దైవలీల ఉందా అన్నది మనకు ప్రశ్న కాదు. ఇంటి యజమానీ, ఇంటి ఇల్లాలూ ఒకే నిర్ణయానికి వచ్చారు, బ్రాహ్మణ పిల్లలు వెళ్ళిపోయినా తలుపు మూయలేదు. మనకు కావలసిన చరిత్ర అది.

చేరినవారికి క్లౌ చెప్పిన నియమాలు మూడు. ఆదివారం పని చేయవద్దు. చచ్చిన గొడ్డు మాంసం తినవద్దు. విగ్రహాలకు మొక్కవద్దు. చూడటానికి మూడు చిన్న మాటలే. కానీ ఆదివారం పని మానడమంటే వెట్టికి పిలిచిన కరణానికీ కాపుకూ ఎదురు చెప్పడం. చచ్చిన గొడ్డును ముట్టనంటే తరతరాల ఊరి కట్టును తెంపుకోవడం. విగ్రహానికి మొక్కనంటే జాతరలో డప్పు కొట్టనని చెప్పడం. దెబ్బలు తిన్నది, తిండి పోగొట్టుకున్నది పల్లెలో ఉన్నవారే.

1876-78 కరువులో క్లౌ తన పాత సర్వేయరు విద్యను బయటికి తీశారు. బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ళు తవ్వించే కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి ఇప్పించారు. కూటికోసం మతంలోకి వచ్చారన్న మాట రాకూడదని పదిహేను నెలల పాటు బాప్తిస్మాలు ఆపేశారు. తెరిచాక 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్క రోజులో 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆరుగురు తెలుగు బోధకులు వంతులవారీగా, ఒక్కో వేళకు ఇద్దరు చొప్పున, నీటిలో నిలబడి ఆ పని చేశారు.

ఈ అంకె ప్రపంచమంతా తిరిగింది. సభల్లో మనమూ ఇలాంటి అంకెలే చెప్పుకుంటాం, ఎన్ని వేలమంది దీక్ష తీసుకున్నారని. కానీ ఆ 2,222 మంది ఎవరు? అంతకు ముందు ఏమి నమ్మారు? ఏమి వెతికారు? అంకె దానికి జవాబు చెప్పదు. ఆ జవాబు కోసం ఒంగోలు బంగళాలో ఇంకో ఇరవై ఏళ్ళు ఆగవలసి వచ్చింది.

ముసలి దొర, రాసే దొరసాని

హారియెట్ 1893లో చనిపోయారు. మరుసటి ఏడాది క్లౌ ఎమ్మా రౌషెన్‌బుష్‌ను పెళ్ళి చేసుకున్నారు. అప్పటికి ఆయన వయసు యాభై ఎనిమిది, ఆమెకు ముప్పై అయిదు. ఎమ్మా కొత్త మనిషేమీ కాదు. 1882 నుంచే మద్రాసులో మిషన్ పని చేసిన మనిషి. స్త్రీల హక్కుల కోసం ఇంగ్లండులో తొలిగా కలం పట్టిన మేరీ వోల్‌స్టన్‌క్రాఫ్ట్ మీద పరిశోధన చేసి, స్విట్జర్లాండులోని బెర్న్‌లో డాక్టరేట్ తీసుకున్న పండితురాలు. క్రైస్తవం కూలివాడి కష్టం గురించి మాట్లాడాలని అమెరికాలో వాదించిన వాల్టర్ రౌషెన్‌బుష్ ఆమె తమ్ముడే.

అలాంటి ఆమె ఒంగోలు బంగళాకు ఇల్లాలుగా వచ్చింది. వయసు మీద పడుతున్న భర్త, వచ్చేపోయే జనం, బడులు, ఉత్తరాలు, జమాఖర్చులు. మూడు నెలలకొకసారి ఊళ్ళ నుంచి బోధకులు ఒంగోలు చేరేవారు. వారిలో చాలామంది తలలు నెరిసిన మాదిగ పెద్దలు, మొదటి తరం వారు. దొరగారితో పని అయ్యాక వెళ్ళిపోతుంటే, వారిని కూర్చోబెట్టి అడిగే పని ఎమ్మా పెట్టుకుంది. మీరు మా దగ్గరికి రాకముందు ఎవరి దగ్గర ఉన్నారు? మీ గురువు ఎవరు? మీ అమ్మ ఏ కథ చెప్పేది?

ఆ అడగడం నుంచే 1899లో ఒక పుస్తకం వచ్చింది. చెప్పులు కుడుతూ చెప్పుకున్న కథలన్న అర్థం వచ్చేలా దానికి పేరు పెట్టింది. అందులో మాతంగి ఉంది. వశిష్ఠుడి ఇంటికి వెళ్ళిన మన అరుంధతి ఉంది. కామధేనువును తిన్నారన్న నింద మాదిగల మీద ఎలా పడిందో చెప్పే కథ ఉంది. వెట్టి ఉంది, ఊరి పంటలో మాదిగకు దక్కే వాటా ఉంది. మా మనసు ఆగిపోయింది మాత్రం బండికట్ల వీరమ్మ దగ్గర. ఆమె మాదిగ స్త్రీ. యోగం తెలిసిన గురువు. పేరయ్య వంటి అన్వేషకులు నడిచిన ఆ గురుపరంపరలో ఆమె ఒకరు. పుస్తకం రాయకపోతే వీరమ్మ పేరు ఈ భూమి మీద మిగిలేది కాదు.

గోల్మురి అమ్మ అడిగిన ప్రశ్నకు జవాబు అక్కడుంది. అంతకు ముందు మనం శూన్యంలో లేం. దొర వచ్చి కళ్ళు తెరిపించేదాకా నిద్రపోలేదు. విగ్రహం వద్దన్నవారు, కులం అబద్ధమన్నవారు, గుడిలో చోటు లేకపోతే శ్వాసలోనే దారి వెతికినవారు మన వాడల్లో ఉన్నారు. పేరయ్య దొర వెంట పోయాడనడం తప్పు. అతను వెతుకుతూ వెతుకుతూ దొర దాకా వచ్చాడు. ఆ తర్వాత రెండు తరాలకు బాబాసాహెబ్ దగ్గరికి వచ్చినవారూ ఆ వెతుకులాట బిడ్డలే.

1901లో జరిగిన ప్రమాదం తర్వాత క్లౌ మళ్ళీ మామూలుగా నడవలేకపోయారు. గుర్రం మీద, గుడారాలతో ఊళ్ళు తిరిగిన మనిషి కుర్చీకి కట్టుబడ్డారు. భర్త చెబుతుంటే భార్య రాసుకుంది. 1910 నవంబరులో ఆయన అమెరికాలోని రోచెస్టర్‌లో కన్నుమూశారు. ఆయన గొంతుతో ఆమె రాసిన జీవితకథ 1914లో వెలువడింది. ఊరి మాదిగ పెద్దలూ, పాత గురుశిష్య బంధాలే తన ఉద్యమానికి దారి వేశాయని అందులో ఉంది. ఒక మిషనరీ అంత మాట ఒప్పుకోవడానికి ఒక జీవితం పట్టింది.

మనం మరచిపోకూడనివి

ఇంత చెప్పి ఆ ఇంటికి హారతి పట్టడం మా ఉద్దేశం కాదు. ఎమ్మా తన పుస్తకంలో మనవాళ్ళను పరయ జాతి అన్న మాటతో పరిచయం చేసింది. అది తమిళనాట తిట్టుగా మారిన ఒక కులం పేరు, మన పేరు కాదు. కథ చెప్పినవాడు నేల మీద, రాసేవారు కుర్చీలో. పుస్తకం ఇంగ్లీషులో వచ్చింది, చెప్పినవారి పిల్లలు చదవలేని భాషలో. ఆ బంగళాలో వంట చేసినవారు, నీళ్ళు మోసినవారు, గుర్రాన్ని చూసుకున్నవారు లేకుండా ఆ దంపతుల ఒక్క రోజు కూడా గడిచి ఉండదు. వారి కథ ఎవరు అడిగారు? అన్నిటికంటే పెద్ద లోటు, పేరయ్య తన చేతితో రాసిన పుస్తకం మనకు లేకపోవడం.

లోటు చెప్పాక అప్పు కూడా చెప్పాలి. చచ్చిన గొడ్డు మాంసం మానమని ఒంగోలు పల్లెల్లో 1860లలో మొదలైన పోరాటాన్నే, 1927 మార్చిలో మహద్ సభలో బాబాసాహెబ్ ఆత్మగౌరవ పోరాటంగా నిలబెట్టారు. ఆయన పిలుపు ఏ స్వర్గం కోసమూ కాదు, మనిషిగా నిలబడటం కోసం. తేడా అక్కడుంది. కానీ అదే కష్టాన్ని అంతకు ముందే భరించిన తెలుగు తాతలూ అవ్వలూ ఉన్నారని తెలిస్తే మన పోరాటానికి వేళ్ళు ఇంకా లోతుగా కనిపిస్తాయి.

దంపతులుగా ధమ్మంలో నడవడం మనకు పరాయి సంగతి కాదు. భగవానుడు తొలి అరవై మంది శిష్యులను పంపేటప్పుడు ఏ ఇద్దరూ ఒకే దారిన పోవద్దన్నాడు. అది భిక్షువులకు. గృహస్థుల దారిలో ఇద్దరూ కలిసే నడుస్తారు. నకులపిత, నకులమాత అనే వృద్ధ దంపతులను బుద్ధుడు ఎంతగానో మెచ్చాడు. భర్త జబ్బుపడి దిగులుపడితే, నేను నూలు వడికి పిల్లలను పోషిస్తాను, ధమ్మాన్ని విడవను, దిగులుతో కన్నుమూయవద్దని ఆమె ధైర్యం చెప్పింది. అతను లేచి కూర్చున్నాడు. 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో భిక్షువు చంద్రమణి ముందు మొదట నిలబడింది కూడా ఒక జంటే, ఆరోగ్యం దెబ్బతిన్న బాబాసాహెబ్, ఆయన భార్య సవిత.

కాబట్టి జంషెడ్‌పూర్ మిత్రులకూ, తెలుగు నేల మీది ఉపాసకులకూ మా మనవి ఒక్కటే. ధమ్మ ప్రచారమంటే వేదిక, మైకు, కరపత్రం మాత్రమే కాదు. పదవీ విరమణ అయిన జంటలు మన బస్తీల్లో చాలామంది ఉన్నారు. కద్మాలో, బర్మామైన్స్‌లో, జుగ్సలైలో వారికి తెలిసిన ముసలివారి ఇళ్ళు ఉన్నాయి. వారానికి ఒక సాయంత్రం ఇద్దరూ కలిసి ఒక ఇంటికి వెళ్ళండి. ఒకరు మాట కలపండి, ఒకరు రాయండి. దీక్షకు ముందు ఇంట్లో ఏముందో సిగ్గుపడకుండా అడగండి. చర్చి ఉంటే చర్చి అని, అమ్మవారు ఉంటే అమ్మవారని, బ్రహ్మంగారి తత్వాలు ఉంటే తత్వాలని ఉన్నదున్నట్టు రాయండి. మన నమ్మకానికి సరిపోయేలా దిద్దవద్దు. వంట చేసేవారినీ, వీధులు ఊడ్చేవారినీ మరవవద్దు. తెలుగులోనే రాయండి, రాసింది వారికి చదివి వినిపించండి.

ఈ అక్టోబర్ నుంచి మేము ఆ పని మొదలుపెట్టాం. ఇప్పటికి నాలుగు ఇళ్ళు అయ్యాయి, ఒక నోట్‌బుక్ సగం నిండింది. దాని మొదటి పేజీ ఖాళీగా వదిలాం. అది గోల్మురి అమ్మది.