తిర్యగవతారములు

భగవంతుడు జంతురూపమున అవతరించుట తిర్యగవతార మనబడును. విష్ణువు ధరించిన మత్స్య, కూర్మ, వరాహ రూపములు ఇందు ప్రధానములు. నరసింహమూర్తి సగము మృగము, సగము మనుష్యుడు. హయగ్రీవునకు అశ్వముఖము కలదు. దశావతారములలో మొదటి నాల్గును ఈ వర్గమునకే చెందుటచేత, జీవపరిణామ సిద్ధాంతమును మన పెద్దలు ముందే కనుగొనిరని చెప్పువారు పెక్కురు కలరు. కాని ఈ కథలు వేర్వేరుగా పుట్టి, చాలకాలమునకు గాని ఒక వరుసకు రాలేదన్న సంగతి తెలిసినవారికి ఆ వాదము రుచింపదు.

వైదిక వాఙ్మయమున ఈ రూపములు విష్ణువువి కావు. శతపథ బ్రాహ్మణమున మనువును జలప్రళయమునుండి గట్టెక్కించిన చేప ఏ దేవతయో చెప్పబడలేదు. మహాభారతారణ్యపర్వమున అదే చేప తాను బ్రహ్మనని వెల్లడించుకొన్నది. మత్స్యపురాణ భాగవతముల నాటికి విష్ణువైనది. కూర్మరూపమున ప్రజలను సృజించినవాడు శతపథమున ప్రజాపతి. వరాహమై జలమధ్యమున భూమిని గ్రహించినవాడు తైత్తిరీయ సంహితయందును ప్రజాపతియే. నారాయణభక్తి ప్రబలి, ప్రజాపతి పూజ సన్నగిల్లిన కొలది, ఆతని మహిమలన్నియు విష్ణువునకు వారసత్వముగా సంక్రమించినవనుట సమంజసము.

ఆంధ్రదేశమున ఈ అవతారములకు మిక్కిలి ప్రాచీనమైన సాక్ష్యము పల్నాటి సీమలోని కొండమోటు శిల్పఫలకము. క్రీస్తుశకము 4వ శతాబ్దమునాటిదని పండితులు నిర్ణయించిన ఈ ఫలకమున నరసింహుడు అచ్చముగా సింహమే. కంఠమున కిరువైపుల మొలచిన రెండు మనుష్యహస్తములు మాత్రము గదాచక్రములను ధరించియున్నవి. ఆతని కిరుప్రక్కల వృష్ణివంశ వీరులైదుగురు నిలిచియున్నారు. హిరణ్యకశిపుడు లేడు, ప్రహ్లాదుడు లేడు, స్తంభము లేదు. కథకంటె ముందే మూర్తి పూజలందుకొనినదేమో యని తోచుట సహజము.

వరాహమునకు రాజాదరణ మెండుగా లభించినది. బాదామి చాళుక్యులకును, వారి శాఖయై 7వ శతాబ్దమున కుబ్జవిష్ణువర్ధనునితో వెలసిన వేంగీ చాళుక్యులకును వరాహమే లాంఛనము. నారాయణుని అనుగ్రహమువలన అది తమకు లభించినదని వారు శాసనములందు చాటుకొనిరి. ఏలూరి సమీపమున నేటి పెదవేగియే ఆ వేంగీ గనుక, కృష్ణాజిల్లాలోని బాపులపాడు ప్రాంతము చిరకాలము వరాహముద్ర నీడనే యున్నదనవచ్చును. మొదటి శక్తివర్మ, నన్నయకు ఆశ్రయమిచ్చిన రాజరాజనరేంద్రుడు ముద్రింపించిన వరాహాంకిత సువర్ణనాణెములు సముద్రము దాటి అరకాను తీరమునను, సయాములోను దొరకినవి. తరువాతి కాలమున బంగారునాణెమునకే వరాహయని పేరు స్థిరపడినది.

ఆలయములలో కూర్మనాథుని శ్రీకూర్మము, వరాహనరసింహుని సింహాచలము సుప్రసిద్ధములు. సింహాచలమున స్వామి సంవత్సరము పొడవునను చందనాచ్ఛాదితుడై యుండి, అక్షయతృతీయనాడు మాత్రమే నిజరూపదర్శనమిచ్చును. మత్స్యమూర్తికి ఆలయములు అరుదు. నాగలాపురమున వేదనారాయణస్వామి ఆలయము వానిలో ముఖ్యమైనది. కృష్ణాతీరమున వేదాద్రియందు సోమకాసురుని బారినుండి రక్షింపబడిన వేదములను గూర్చిన మత్స్యకథయే క్షేత్రమహాత్మ్యమునకు మూలమైనను, అచట పూజలందుకొనువాడు పంచరూపుడైన నరసింహుడు. ఆంధ్రుల మనస్సునకు చేపకంటె సింహమే చేరువైనదనుటకు ఇంతకంటె నిదర్శనమేల? సాహిత్యమునందును అంతే: ఎఱ్ఱన నృసింహపురాణము రచించి అహోబల నృసింహునకు అంకితమిచ్చెను. నంది మల్లయ, ఘంట సింగయ జంటకవులు వరాహపురాణమును తెనిగించిరి. పోతన భాగవతమున సప్తమస్కంధములోని ప్రహ్లాదచరిత్రను కంఠస్థము చేసినవారు గ్రామగ్రామమునను ఉండెడివారు. అష్టమస్కంధమున చివరనున్న మత్స్యావతారకథ నెరిగినవారు తక్కువ.

ఇక బాపులపాడు ప్రాంతమునకు వచ్చినచో, ఆ మండలములోని హనుమాన్ జంక్షన్ ఆంజనేయుని పేరున వెలసినది. వానరరూపుడగు ఆంజనేయుడు విష్ణ్వవతారము కాడు. శివపురాణము ఆతనిని శివుని అవతారములలో చేర్చినది. నరసింహుని ఉగ్రత నణచిన శరభమును గూడ ఆ పురాణము శివావతారముగానే చెప్పును; వైష్ణవులు దీనిని అంగీకరింపరు.

విష్ణుని తిర్యగ్రూపమును చూడగోరువారు నూజివీడు మామిడితోపుల ఆవలనున్న ఆగిరిపల్లికి పోవలెను. శోభనాచలమున వెలసిన స్వామికి వ్యాఘ్రనరసింహుడని పేరు. సింహమునకు మారుగా పులిపేరు వహించిన నరసింహక్షేత్రములు విరళము. నూజివీడు జమీందారులు ఈ ఆలయమును పోషించిరి. 2022లో జరిగిన జిల్లాల విభజనచే బాపులపాడు కృష్ణాజిల్లాయందు నిలువగా ఆగిరిపల్లి ఏలూరు జిల్లాలో చేరినది. స్వామి తిరునాళ్ళు మాఘమాసమున రథసప్తమికి జరుగును.