కథకళి కళరి నుంచి పోలండ్ దాకా

ప్రయోగ నాటకంలో నటుడి శరీర సాధన మాట వస్తే మా రంగస్థల మిత్రులు పోలండ్ పేరే ఎత్తుతారు. నటులకు కసరత్తు నేర్పే నేను మాత్రం కేరళ నుంచి మొదలుపెడతాను.

1959లో దర్శకుడు యెజీ గ్రోటోవ్‌స్కీ పోలండ్‌లోని ఒపోలెలో ‘పదమూడు వరుసల నాటకశాల’ బాధ్యత తీసుకున్నాడు. ఆయన దగ్గర సహాయకుడిగా చేరిన ఇటలీ యువకుడు యూజీనియో బార్బా 1963లో కేరళ కళామండలానికి వచ్చాడు. కవి వళ్లత్తోళ్ 1930లో నెలకొల్పిన సంస్థ అది. అక్కడి కళరిలో, అంటే సాధనశాలలో, కథకళి సాధన తెల్లవారకముందే మొదలవుతుంది. కనుగుడ్లను అడ్డంగా, నిలువుగా, గుండ్రంగా తిప్పాలి. వానాకాలంలో ఒంటికి నూనె పట్టించి, గురువు తన పాదంతో తొక్కి కీళ్లు వదులు చేస్తాడు. చిన్నతనంలోనే మొదలై ఏళ్ల తరబడి సాగే శ్రమ ఇది! బార్బా తీసుకెళ్లిన వ్యాయామాల్లో కొన్ని ఒపోలె నటుల సాధనలో చేరాయి.

ఒపోలెలో హఠయోగం కూడా చేసి చూశారు. ఆ ఏకాగ్రత నటుణ్ణి లోపలికి ముడుచుకునేలా చేసి, అభివ్యక్తిని అణిచేస్తోందని గ్రోటోవ్‌స్కీ గ్రహించాడు. అయినా ఆసనాలను పారేయలేదు, వెన్నెముకకు మేలు చేస్తున్నాయని ఉంచుకుని, వాటి దిశను ఎదుటి మనిషి వైపు మళ్లించాడు. ఈ చరిత్రలో నాకు అన్నిటికంటే ప్రియమైన మలుపు ఇదే. పిల్లిమొగ్గలు పోగేసుకోవడం కాదు, ఒంట్లో అడ్డుపడేవాటిని ఒక్కొక్కటిగా తొలగించుకోవడమే ఆయనకు కావలసింది. 1965లో వ్రోత్స్‌వాఫ్‌లో ఆయన బృందం ‘ది కాన్‌స్టంట్ ప్రిన్స్’ నాటకం ఆడినప్పుడు నటుడు రిషార్డ్ చెస్లాక్ గోచీతో నిలిచి, ఒంటితోనే బాధనూ వెలుగునూ పలికించాడు.

బార్బా 1964లో ఓస్లోలో, నాటక పాఠశాల చేర్చుకోని యువకులతో ఓడిన్ నాటక బృందం పెట్టాడు. గ్రోటోవ్‌స్కీ వ్యాయామాల వివరాలున్న పుస్తకాన్ని 1968లో అచ్చువేసింది ఆ బృందమే.