ప్రభుత్వ సేవలు: పట్నం, పల్లె

తెలుగు నేలపై ప్రభుత్వ సేవలు ఒకే చోట దొరకడం పట్నంలోనే మొదలైంది. 2001లో హైదరాబాద్‌లో ఈ-సేవ కేంద్రాలు వచ్చాక నగరవాసులు కరెంటు, నీటి బిల్లులు, ఇంటి పన్ను ఒకే కౌంటర్‌లో కట్టగలిగారు. పల్లె రైతుకు మాత్రం కుల ధ్రువపత్రం కావాలన్నా, అడంగల్ నకలు కావాలన్నా అప్పట్లో మండల కేంద్రమే దిక్కయ్యేది. ఒక రోజు కూలి పోయేది, బస్సు ఛార్జీ అయ్యేది, సంతకం పెట్టే అధికారి లేకపోతే మళ్లీ వెళ్లాల్సి వచ్చేది. అసలు రుసుము కన్నా ఈ తిరుగుడు ఖర్చే ఎక్కువయ్యేది.

2011లో మొదలైన మీసేవ డిజిటల్ సంతకంతో ఈ భారాన్ని తగ్గించింది. ఆంధ్రప్రదేశ్‌లో 2019 అక్టోబరు 2న గ్రామ, వార్డు సచివాలయాలు ప్రారంభమయ్యాయి. ఇక్కడ లెక్క పల్లెకు అనుకూలం: గ్రామాల్లో సుమారు 2,000 జనాభాకు, పట్టణాల్లో సుమారు 4,000 జనాభాకు ఒక సచివాలయం. 2025 జనవరిలో ‘మన మిత్ర’ పేరుతో వాట్సాప్ సేవలూ వచ్చాయి.

కాగితాల విషయంలో దూరం తగ్గింది, వైద్యంలో తగ్గలేదు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రం మైదాన ప్రాంతాల్లో 30,000 మందికి, గిరిజన ప్రాంతాల్లో 20,000 మందికి ఒకటి ఉండాలన్నది నిబంధన. అయినా అల్లూరి సీతారామరాజు జిల్లా కొండ గూడేల్లో 108 అంబులెన్సు తారు రోడ్డు చివరే ఆగిపోతుంది. పొడవాటి కర్రకు దుప్పటి కట్టి, అందులో గర్భిణిని పడుకోబెట్టి, మగవాళ్లు భుజాలు మార్చుకుంటూ అక్కడిదాకా మోసుకొస్తారు. ఆ గూడేలకు ముందుగా వేయాల్సింది రోడ్డు.