కొన్నవారి చేతికే తాళంచెవి: నోకియా మైమో పరికరాల చరిత్ర

నేడు తెలుగు రాష్ట్రాల్లో వాడుకలో ఉన్న స్మార్ట్‌ఫోన్లలో అత్యధికం ఆండ్రాయిడ్ మీద నడుస్తున్నవే. ఆ ఆండ్రాయిడ్‌కు పునాది లినక్స్ కెర్నల్, అంటే ప్రాసెసరు, మెమరీ, తెర, రేడియో వంటి యంత్రభాగాలకూ వాటిని వాడుకునే ప్రోగ్రాములకూ నడుమ ఉండి పని పంచిపెట్టే మూల ప్రోగ్రాము. హెల్సింకి విశ్వవిద్యాలయ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ 1991లో రాయడం మొదలుపెట్టిన ఈ కెర్నల్‌ను ఎవరైనా చదవవచ్చు, మార్చవచ్చు, మార్చినదాన్ని పదిమందికీ పంచవచ్చు. ఇలా మూలరచన అందరికీ అందుబాటులో ఉండే సాఫ్ట్‌వేర్‌నే ఓపెన్ సోర్స్ అంటారు. ఎన్ని చేతుల్లో ఉందన్న లెక్క ఒక్కటే చూస్తే చేతిఫోన్ల రంగంలో ఓపెన్ సోర్స్ ఏనాడో గెలిచింది. అయినా ఫోను కొన్న మనిషి ఆ కెర్నల్‌లో ఒక్క పంక్తి మార్చుకుని తన ఫోనులోనే నడుపుకోవాలనుకుంటే, మార్కెట్లో దొరికే చాలా నమూనాల్లో అది కుదరదు. కోడ్ తెరిచి ఉండడం వేరు, పరికరం తెరిచి ఉండడం వేరు. ఈ రెండింటినీ ఒకేచోట కలిపి మామూలు కొనుగోలుదారులకు అమ్మిన పెద్ద సంస్థ నోకియా. 2005 నుంచి 2011 దాకా సాగిన ఆ ప్రయత్నాన్ని చేతిఫోన్ల చరిత్రలో చిన్న పాదసూచికగా తీసిపారేయడం తగదు.

కోడ్ తెరిచి ఉన్నా పరికరం మూసుకుపోవడానికి కారణం బూట్‌లోడర్ అనే చిన్న ప్రోగ్రాము. ఫోను ఆన్ చేయగానే మొదట మేలుకునేది అదే. కెర్నల్‌ను నిల్వ నుంచి తీసి నడిపించేదీ అదే. నడపబోయే కెర్నల్ మీద తయారీదారు పెట్టిన సంకేత ముద్ర ఉందో లేదో సరిచూసి, ముద్ర లేకపోతే ముందుకు సాగకుండా నిలిపివేసేలా బూట్‌లోడర్‌ను తయారుచేయవచ్చు. టీవీ కార్యక్రమాలను రికార్డు చేసే టివో అనే అమెరికన్ పరికరం ఈ పద్ధతినే అనుసరించింది: లినక్స్‌ను వాడుకుంది, లినక్స్‌కు వర్తించే జీపీఎల్ లైసెన్సు కోరినట్టు మూలరచనను బయటపెట్టింది, కానీ మార్చిన కెర్నల్‌ను మాత్రం తనలో నడవనివ్వలేదు. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉద్యమాన్ని 1983లో ప్రారంభించిన రిచర్డ్ స్టాల్‌మన్ దీన్ని హక్కును దొడ్డిదారిన హరించడంగా భావించాడు. అందుకే 2007 జూన్‌లో వెలువడిన జీపీఎల్ లైసెన్సు మూడో కూర్పులో, వినియోగదారులకు అమ్మే పరికరాల విషయంలో ఈ పద్ధతిని నిషేధించే నిబంధన చేరింది. టోర్వాల్డ్స్ ఆ వాదనతో ఏకీభవించలేదు, లినక్స్ కెర్నల్ 1991 నాటి రెండో కూర్పు కిందే ఉండిపోయింది. నేటి ఫోన్లకు తాళం వేయడం చట్టబద్ధంగా సాధ్యపడడానికి ఆ నిర్ణయం ఒక ముఖ్య కారణం.

లినక్స్‌ను అరచేతి పరికరంలోకి తేవాలన్న ఆలోచన నోకియాతో పుట్టలేదు. బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ ఆచార్యులు, ఎన్‌కోర్ సాఫ్ట్‌వేర్ ఇంజనీర్లు కలిసి 1998లో తలపెట్టిన సింప్యూటర్ లినక్స్ మీదనే నడిచింది. సాఫ్ట్‌వేర్‌తో ఆగకుండా యంత్రపు నమూనా చిత్రాలను సైతం జీపీఎల్ తరహా లైసెన్సు కింద పంచే ఏర్పాటు దానికి ఉండేది. చదువు రానివారికి భారతీయ భాషల్లో చదివి వినిపించాలన్నది దాని ఆశయం. 2004లో భారత్ ఎలక్ట్రానిక్స్ సంస్థ దాన్ని అమిడా పేరుతో మార్కెట్లోకి తెచ్చే నాటికి, సామాన్యుడికి అందే ధరగా మొదట అనుకున్నదానికీ దుకాణంలో పలికినదానికీ పొంతన లేకుండా పోయింది. ఆలోచన మంచిదైనా, దాన్ని లక్షల సంఖ్యలో తయారుచేసి చవకగా ఇవ్వగల ఫ్యాక్టరీ బలం దాని వెనుక లేదు.

ఆ బలం నోకియాకు ఉంది. టార్చిలైటు ఉన్న 1100 నమూనాతో తెలుగు పల్లెల్లో సైతం ఇంటింటి పేరైన ఈ ఫిన్లండ్ సంస్థ, 2005 మేలో న్యూయార్కులో జరిగిన లినక్స్ సమావేశంలో 770 అనే ఇంటర్నెట్ టాబ్లెట్‌ను ప్రకటించింది. అది ఫోను కాదు, సిమ్ కార్డుకు అందులో చోటే లేదు. వైఫై ద్వారా వెబ్ చూడడానికి 800×480 చుక్కల వెడల్పాటి తెర, 64 మెగాబైట్ల మెమరీ ఉన్న ఈ పరికరంలోని సాఫ్ట్‌వేర్ వేదికకు మైమో అని పేరు పెట్టారు. విశేషమేమిటంటే మైమోను శూన్యం నుంచి రాయలేదు. ప్రపంచవ్యాప్తంగా స్వచ్ఛంద కార్యకర్తలు 1993 నుంచి నిర్మిస్తున్న డెబియన్ అనే లినక్స్ పంపిణీని, డెస్క్‌టాప్ కంప్యూటర్లలో కిటికీలూ బొత్తాలూ గీసే జీటీకే అనే సాధనాన్ని తీసుకుని, తెరను తాకి వాడుకునే హిల్డన్ అనే పైపొరను వాటికి జోడించారు. నోకియా ఓపెన్ సోర్స్ రచయితలకు పరికరాలను తగ్గింపు ధరకు అందించింది. తాను చేసిన మార్పుల్లో చాలావాటిని మూల ప్రాజెక్టులకే తిరిగి పంపింది. దృశ్య శ్రవణాలను నడిపే జీస్ట్రీమర్, బ్లూటూత్‌ను నడిపే బ్లూజెడ్ వంటివి నోకియా సొమ్ముతో బలపడి నేటికీ లినక్స్ కంప్యూటర్లలో పనిచేస్తున్నాయి.

2007లో ఎన్800, ఆ ఏడాది చివర్లోనే పక్కకు జరిపే కీబోర్డుతో, జీపీఎస్‌తో ఎన్810 వచ్చాయి. అప్పటికే 770 పాతబడింది. దానికి కొత్త కూర్పును అధికారికంగా ఇవ్వలేకపోయిన నోకియా, హ్యాకర్ ఎడిషన్ అన్న పేరుతో, సొంత పూచీ మీద వేసుకోవలసిందిగా చెబుతూ, తన ఇంజనీర్లు తయారుచేసిన కూర్పును పంచింది. అమ్మేసిన సరుకు పట్ల ఒక తయారీదారు ఇంత నిజాయితీగా ప్రవర్తించిన సందర్భాలు ఆ తరువాత అరుదయ్యాయి.

ఈ వరుసలో శిఖరం 2009 నవంబరులో అమ్మకానికి వచ్చిన ఎన్900. ఇది ఫోను కూడా: 3.5 అంగుళాల తెర, 600 మెగాహెర్ట్జ్ ప్రాసెసరు, 256 మెగాబైట్ల మెమరీ, 32 గిగాబైట్ల నిల్వ, పక్కకు జరిగే కీబోర్డు ఉన్నాయి. మందంగా, బరువుగా ఉండేది; తెర వేలి స్పర్శకు గాక ఒత్తిడికి స్పందించేది. అయినా దాన్ని వాడినవారు నేటికీ మక్కువతో తలచుకోవడానికి కారణం వేరే ఉంది. ఆదేశాలను నేరుగా టైపు చేసే టెర్మినల్ ప్రోగ్రామును నోకియా స్వయంగా అందులో పెట్టి అమ్మింది. వ్యవస్థ మొత్తం మీద పూర్తి అధికారాన్ని, అంటే రూట్ హక్కును పొందడానికి ఏ తాళమూ పగలగొట్టనవసరం లేదు, ఒక చిన్న ప్యాకేజీ వేసుకుంటే చాలు. సొంతంగా కట్టుకున్న కెర్నల్‌ను కంప్యూటర్ నుంచి ఎక్కించడానికి కావలసిన సాధనాన్ని నోకియాయే ఇచ్చింది, బూట్‌లోడర్ ముద్ర అడగకుండానే దాన్ని నడిపించేది. ప్రోగ్రాములు డెబియన్ పద్ధతిలో రిపాజిటరీల నుంచి, అంటే ప్యాకేజీలను భద్రపరచి పంచే ఉమ్మడి నిల్వల నుంచి వచ్చేవి. కొత్త ప్రోగ్రాము మొదట పరీక్ష నిల్వలోకి చేరేది. వాడుకరులే దాన్ని వాడి చూసి, లోపాలు లేవని నిర్ణీత సంఖ్యలో ఆమోదం తెలిపాకనే అందరికీ అందే నిల్వలోకి వెళ్లేది. 2008లో మొదలైన ఐఫోన్ యాప్ స్టోర్‌లో ఏ ప్రోగ్రాము ఉండాలో తయారీ సంస్థ ఒక్కటే తేల్చేది. మైమోలో ఆ బాధ్యతను సముదాయం పంచుకుంది, దాన్ని శ్రద్ధగానే నిర్వహించింది.

నోకియా ఇచ్చిన స్వేచ్ఛ సంపూర్ణమైనదేమీ కాదు. ఎన్900 బ్యాటరీని చార్జ్ చేసే ప్రోగ్రాము, బొమ్మలు గీసే చిప్ డ్రైవరు, హిల్డన్‌లోని కొన్ని భాగాలు మూసి ఉన్న కోడ్‌గానే మిగిలాయి. ఈ లోటు ఎంత బరువైనదో నోకియా తప్పుకున్నాక తెలిసివచ్చింది. చార్జింగ్ ప్రోగ్రాము మూలరచన లేకపోవడంతో, చిప్ ప్రవర్తనను గమనించి దానికి ప్రత్యామ్నాయాన్ని రాసుకునేదాకా కొత్త కెర్నల్‌తో ఫోనును నిశ్చింతగా వాడుకోవడం కుదరలేదు.

పతనానికి దారితీసింది ఈ బాహాటతనం కాదు, నిలకడ లేని నాయకత్వం. 2008లో నోకియా నార్వేకు చెందిన ట్రోల్‌టెక్‌ను కొని, ఆ సంస్థ క్యూట్ అనే సాధనం కోసం జీటీకేను వదులుకోవాలని నిశ్చయించింది. అంటే అప్పటిదాకా మైమో కోసం రాసినవారంతా మళ్లీ మొదటికి రావాలి. 2010 ఫిబ్రవరిలో బార్సిలోనాలో, ఇంటెల్ సంస్థ మోబ్లిన్‌తో మైమోను కలిపి మీగో అనే కొత్త వేదికను ప్రకటించారు. డెబియన్ ప్యాకేజీ పద్ధతి స్థానంలో మరో పద్ధతి రావడంతో పునాదులు రెండోసారి కదిలాయి. ఆ సెప్టెంబరులో మైక్రోసాఫ్ట్ నుంచి వచ్చిన స్టీఫెన్ ఎలప్ నోకియా పగ్గాలు చేపట్టాడు. సముద్రం నడుమ మంటల్లో చిక్కిన చమురు వేదికతో సంస్థను పోలుస్తూ ఉద్యోగులకు ఆయన రాసిన లేఖలో, ఇదే వేగంతో సాగితే 2011 చివరికి మార్కెట్లో ఒకే ఒక్క మీగో ఫోను ఉండవచ్చన్న అంచనా ఉంది. అంచనా అబద్ధం కాకపోవచ్చు. అయితే రెండేళ్లలో రెండుసార్లు పునాది మార్చిన సంస్థ మూడోసారి, 2011 ఫిబ్రవరి 11న, తనది కాని విండోస్ ఫోన్ వైపు తిరగడం ఆ రోగానికి మందు కాలేదు. జూన్‌లో సింగపూరులో ఆవిష్కరించిన మీగో ఫోను ఎన్9, ముందువైపు ఒక్క బొత్తం కూడా లేకుండా అంచు నుంచి వేలు జరిపి నడిపే సొగసైన ఫోను, పుట్టుకతోనే వారసులు లేనిదైంది. అమెరికా, బ్రిటన్, జర్మనీ వంటి పెద్ద మార్కెట్లలో దాన్ని అమ్మకానికే పెట్టలేదు. 2014 ఏప్రిల్‌లో నోకియా ఫోన్ల విభాగం మైక్రోసాఫ్ట్ పరమైంది.

అదే కాలంలో ఆండ్రాయిడ్ వేరే దారిన ఎదిగింది. 2008లో తొలి ఆండ్రాయిడ్ ఫోను వచ్చిన నాటి నుంచీ గూగుల్ దాని మూలరచనను విడుదల చేస్తూనే ఉంది, కానీ అభివృద్ధి సంస్థ లోపలే జరిగింది. మ్యాపులు, మెయిలు, యాప్‌ల దుకాణం వంటివి మూసి ఉన్న కోడ్‌గానే ఉండిపోయాయి. ఆ యాప్‌లను కలిపి సయనోజెన్‌మోడ్ అనే మార్పు కూర్పును పంచుతున్న స్వచ్ఛంద రచయితకు 2009లో గూగుల్ న్యాయవాదుల లేఖ అందింది. బూట్‌లోడర్ తాళం సంగతి ఆయా తయారీదారుల, టెలికాం సంస్థల ఇష్టానికి వదిలేయడంతో, ఏ ఫోను తెరుచుకుంటుందో ఏది తెరుచుకోదో అన్నది కొన్నవారి అదృష్టం మీద ఆధారపడింది.

కోడ్ తెరిచి ఉండడానికీ పరికరం తెరిచి ఉండడానికీ ఉన్న ఈ తేడా తెలుగు చదువరికి అనుభవంలోకి వచ్చిన సంగతే. 'స్త్రీ' అన్న ఒక్క అక్షరం కంప్యూటర్ నిల్వలో స, పొల్లు, త, పొల్లు, ర, గుడి దీర్ఘం అనే 6 సంకేతాల వరుస. దాన్ని తవొత్తు, క్రావడి సరైన చోట అమరిన ఒకే రూపంగా మార్చేది షేపింగ్ ఇంజను అనే భాగం. ఆండ్రాయిడ్ తొలి కూర్పుల్లో తెలుగు ఫాంటూ లేదు, ఈ అమరికా లేదు. తెలుగు పేజీ తెరిస్తే ఖాళీ డబ్బాలు కనిపించేవి. 2012లో వచ్చిన 4.1 కూర్పు నాటికి గాని గూగుల్ తెలుగును చేర్చలేదు. అప్పటిదాకా మాతృభాషలో చదువుకోవాలనుకున్నవారు ఫోను తాళం తీసి, స్వేచ్ఛా లైసెన్సుతో దొరికే లోహిత్ వంటి ఫాంట్లను వ్యవస్థలోకి ఎక్కించుకోవలసి వచ్చింది. తాళం తీస్తే వారంటీ పోతుందన్న భయం ఒకవైపు, ఫాంటు పడినా ఒత్తులు చెదిరిపోయే ఇబ్బంది ఇంకోవైపు. తన భాష అక్షరాలు తన పరికరంలో కనబడాలన్న కోరిక సాంకేతిక నిపుణుల సరదా కాదు, అది కొన్నవారి కనీస హక్కు.

నేడు ఆండ్రాయిడ్, క్రోమ్, ఫైర్‌ఫాక్స్, లిబ్రేఆఫీస్‌లలో ఆ అమరిక చేస్తున్నది హార్ఫ్‌బజ్ అనే ఓపెన్ సోర్స్ ఇంజను. జీటీకే లోకం వాడిన పాంగోలోనూ ట్రోల్‌టెక్ వారి క్యూట్‌లోనూ వేర్వేరుగా పెరుగుతున్న కోడ్‌ను ఒక్కచోట చేర్చడంతో అది మొదలైంది. తరువాత బెహ్దాద్ ఎస్ఫహ్‌బోద్ దాన్ని కొత్తగా తిరగరాశాడు. మైమో, మీగోలు ఆధారపడిన రెండు సాధనాలకూ ఉమ్మడి సంతానమైన ఈ ఇంజను, నోకియా ఫోన్లను ఓడించిన ఆండ్రాయిడ్‌లో తెలుగు చూపిస్తోంది.

నోకియా వెళ్లిపోయాక ఎన్900కు దిద్దుబాట్లను వాడుకరుల సముదాయమే తయారుచేసి అందించింది. మైమోను పునర్నిర్మించాలని మొదలై, ఆగి, 2011లో మీగోకు కొనసాగింపుగా తిరిగి లేచిన మెర్ ప్రాజెక్టును పునాదిగా చేసుకుని, నోకియా మాజీ ఉద్యోగులు స్థాపించిన యోల్లా సంస్థ సెయిల్‌ఫిష్‌ను రూపొందించింది. ఆ సంస్థ ఫోను 2014లో మన దేశంలోనూ స్నాప్‌డీల్ ద్వారా అమ్ముడైంది, 2016లో ఇంటెక్స్ సంస్థ సెయిల్‌ఫిష్‌తో ఆక్వా ఫిష్ అనే చవక ఫోను తెచ్చింది. రెండూ ఇక్కడ నిలదొక్కుకోలేదు. మైమో లెస్టె అనే బృందం పాత హిల్డన్ పైపొరను కొత్త లినక్స్ మీద నడుపుతుంటే, 2017లో వెలుగులోకి వచ్చిన పోస్ట్‌మార్కెట్ ఓఎస్ ఏ ఫోనుకైనా పదేళ్ల ఆయుష్షు ఇవ్వాలన్న లక్ష్యంతో సాగుతోంది. రెండూ ఎన్900 మీద నడుస్తాయి.

యూరోపియన్ యూనియన్‌లో 2025 జూన్ 20 నుంచి అమలులోకి వచ్చిన నిబంధనలు, ఒక నమూనా అమ్మకం ఆగాక కనీసం 5 ఏళ్లపాటు సాఫ్ట్‌వేర్ నవీకరణలు అందాలని కోరుతున్నాయి. పాత ఫోన్లు అర్ధాంతరంగా చెత్తలో చేరకుండా ఇది కొంత ఆపుతుంది, స్వాగతించవలసిన మాటే. కానీ ఆ గడువు తీరాక బూట్‌లోడర్ తాళంచెవిని కొన్నవారికి అప్పగించాలని అవి కోరడం లేదు. ఎన్900 కొన్నవారికి నోకియా దాన్ని మొదటి రోజే ఇచ్చింది.